ఆయిలు లీకైతే ఇంజిన్ దింపాల్సిందేనా? మీ ప్రశ్నలు – మేస్త్రీ జవాబులు

వానలు మొదలయ్యాక ఆయిలు లీకు గురించి ఉత్తరాలు ఎక్కువ వస్తాయి. వానకు లీకు పెరగదు. తడి నేల మీద ఆయిలు రంగురంగుల పొరగా తేలి కంటికి ఆనుతుంది, అంతే. ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను. అడిగినవారి ఊరి పేరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మేస్త్రీగారూ, నాది 1998 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద ఆయిలు కారుతోంది. రాత్రి నిలిపితే తెల్లారేసరికి అరచేయంత మరక. మా మెకానిక్ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక సీలు, అంటే ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, పోయిందంటున్నాడు. గేర్‌బాక్స్ ఎలాగూ దింపాలి కనుక ఇంజిన్ కూడా విప్పి చూసుకోవడం మంచిదంటున్నాడు. విప్పకుండా దారి లేదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఉండే అవకాశమే ఎక్కువ. మీ మెకానిక్ చెప్పింది తప్పని విజయవాడ ఆటోనగర్‌లో కూర్చుని నేను అనలేను. కానీ ఆయన బండి కింద దూరి చూశాడా, బానెట్ ఎత్తి పైన కూడా చూశాడా అని అడగండి. ఆయిలు పల్లానికే పోతుంది. ఇంజిన్ పైభాగమైన హెడ్డు దగ్గర చెమర్చిన ఆయిలు బ్లాకు పక్కగా జారి, గేర్‌బాక్స్ అతుకు దగ్గర ఆగి, అక్కడ చుక్క కడుతుంది. బండి పరుగులో ఉంటే గాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది. కనుక మరక ఉన్నచోటు నుంచి పైకి, ముందుకు వెతుక్కుంటూ పోవాలి.

మీ బండిలో నేను మొదట అనుమానించేది స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని. ఆ 796 సీసీ ఇంజిన్‌లో అది హెడ్డు చివర, సరిగ్గా గేర్‌బాక్స్ వైపే ఉంటుంది. దాన్ని తిప్పేది వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ కనుక లోపలివైపు ఎప్పుడూ ఆయిలే. ఆ ఆయిలును బయటికి రాకుండా ఆపేది ఒక చిన్న రబ్బరు ఓ రింగు (ఇంగ్లీషు ‘O’ అక్షరంలా ఉండేది). ఏళ్ల తరబడి వేడికి ఉడికాక అది గుండ్రంగా ఉండదు. పలకబారి, గట్టిపడి, గోటితో వంచితే పుటుక్కున విరుగుతుంది. అక్కడ కారిన ఆయిలు తిన్నగా దిగేది గేర్‌బాక్స్ అతుకు మీదికే. కింద నుంచి చూసినవాడికి అది క్రాంకు సీలు లీకులాగే కనబడుతుంది. రెండో అనుమానం హెడ్డు కవరు ప్యాకింగు వెనక మూల. క్రాంకు సీలు మూడోది.

తేల్చుకోవడానికి ముందు ఇంజిన్ కడగాలి. జిడ్డు, మట్టి పేరుకున్న ఇంజిన్ మీద లీకు వెతకడం వృథా ప్రయాస. ఇంజిన్ పూర్తిగా చల్లారాక డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టర్ మూతికి ప్లాస్టిక్ కవర్లు కట్టండి. కిరోసిన్‌లో ముంచిన కుంచెతో రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, ఆరనివ్వండి. కిరోసిన్ వాసన పోయేదాకా స్టార్ట్ చేయకండి, దరిదాపుల్లో సిగరెట్టు వెలిగించనివ్వకండి. ఆరిన తరువాత ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసుకుని డిస్ట్రిబ్యూటర్ మొదలు, హెడ్డు కవరు అంచు, దాని కింద బ్లాకు, గేర్‌బాక్స్ అతుకు – అన్నిటి మీదా పలుచగా చల్లండి. ఒక పది నిమిషాలు ఇంజిన్ నడిపి చూడండి. ఏమీ కనబడకపోతే పదిహేను, ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చి, టార్చిలైటు, చేతి అద్దం పట్టుకుని చూడండి. తెల్లని పౌడరు మీద గోధుమరంగు గీత దిగుతుంది. ఆ గీత పైకొస ఎక్కడుందో లీకు అక్కడే. పైనంతా పొడిగా ఉండి, గేర్‌బాక్స్ గూడు అడుగునుంచి మాత్రమే ఆయిలు వస్తుంటే అప్పుడు మీ మెకానిక్ మాట నిజం.

ఆయిలులో కలిపే రంగు మందు కూడా దొరుకుతుంది. కలిపి కొంతదూరం నడిపాక, చీకట్లో ఊదారంగు లైటు వేస్తే లీకైన చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. పౌడరుకు దొరకని మొండి లీకులకు అది మంచిదే. మీ బండికి ఇంకా అంతవరకు వెళ్లనక్కర్లేదు.

డిస్ట్రిబ్యూటర్ అని తేలితే, విప్పేముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. డిస్ట్రిబ్యూటర్ అంచు మీదా, హెడ్డు మీదా కలిసేలా సూదిమొనతో ఒక గీత గీయండి. మూత తీసి లోపలి రోటరు ఎటు చూస్తోందో ఫోనులో ఫొటో తీసుకోండి. డిస్ట్రిబ్యూటర్ బయట ఉన్నంతసేపూ ఎవరూ తాళం తిప్పకూడదు. తిప్పారా, ఆయిలు లీకుతో వచ్చిన బండి స్టార్ట్ కాని బండిగా మారుతుంది. కొత్త ఓ రింగుకు ఇంజిన్ ఆయిలు పూసి, గీతకు గీత కలిపి బిగించి, తరువాత టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూడమనండి. చేయి తిరిగినవాడికి గంట పని.

హెడ్డు కవరు అయితే మన షెడ్లలో ఒక చెడ్డ అలవాటుంది. లీకు కనబడగానే పానా పెట్టి ఇంకో చుట్టు బిగిస్తారు. రేకు కవరు అంచు నట్ల దగ్గర కిందికి వంగుతుంది, నట్ల మధ్య పైకి లేస్తుంది, లీకు మరింత పెరుగుతుంది. కవరు విప్పి, చదునైన బండ మీద బోర్లించి, అంచు ఎక్కడ ఊగుతోందో చూసి, చిన్న సుత్తితో సరిచేసి కొత్త ప్యాకింగు వేయాలి. ఆ నట్లు బిగించేది మణికట్టు బలంతోనే, భుజబలంతో కాదు. పాత ప్యాకింగు గీకడానికి ప్లాస్టిక్ రేకు వాడండి. అల్యూమినియం హెడ్డు మీద బ్లేడు గీత పడితే అదే కొత్త లీకుకు కాలువ.

సిలికాన్ పేస్టు సంగతి కూడా ఇక్కడే చెప్తాను. మూలల్లో, అతుకుల దగ్గర అగ్గిపుల్ల మందాన ఒక చుక్క చాలు. ట్యూబు మొత్తం పిండితే బయటికి వచ్చిన పేస్టు మీకు కనబడుతుంది, లోపలికి వెళ్లినంత పేస్టు కనబడదు. అది ముక్కలుగా ఊడి, ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే ఛాంబర్‌లో ఆయిలు పీల్చే జాలీకి అడ్డుపడితే ఇంజిన్‌కు ఆయిలు అందదు. లీకుతో బతికే ఇంజిన్ ఉంటుంది, ఆయిలు అందక బతికే ఇంజిన్ ఉండదు. పేస్టు వేశాక రాత్రంతా, వీలైతే 24 గంటలు, బండి కదపకండి. పైన పొర కట్టినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు.

చివరికి క్రాంకు సీలే అని తేలినా ఇంజిన్ విప్పనక్కర్లేదు. గేర్‌బాక్స్ దింపి, క్లచ్, ఫ్లైవీలు తీస్తే సీలు బయటినుంచే చేతికి అందుతుంది. పిస్టన్ల జోలికి పోయే పని ఏమీ లేదు. క్లచ్ ప్లేటు అరిగి ఉంటే అప్పుడే మార్చుకోండి, రెండోసారి దింపే కూలీ మిగులుతుంది.

మెకానిక్‌లు దింపాలని తొందరపడటానికి మా వృత్తిలో ఒక కారణం ఉంది. దింపితే కూలీ వస్తుంది, వెతికితే రాదు. పూటంతా కడిగి, పౌడరు చల్లి, అద్దం పట్టుకుని చూసి 'ఓ రింగు పోయిందండీ' అంటే, ఓ రింగు ఖరీదు ఇచ్చి నమస్కారం పెట్టి వెళ్లేవారే ఎక్కువ. మీ మెకానిక్‌తో ముందే చెప్పండి: వెతికే పనికి వేరే కూలీ ఇస్తాను, లీకు చోటు నాకు కళ్లారా చూపించు అని. మాట తీరు మారిపోతుంది చూడండి.

ప్రశ్న: అన్నా, నా స్ప్లెండర్‌కు ఎడమవైపు చైను స్ప్రాకెట్ దగ్గర ఆయిలు కారుతోంది. ఇంజిన్ రెండు చిప్పలూ (క్రాంకు గది రెండు సగాలూ) విప్పాలన్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: తమ్ముడూ, ముందు అది ఇంజిన్ ఆయిలేనా, చైనుకు పూసిన ఆయిలా చూసుకో. చైనుకు ధారాళంగా ఆయిలు పోసి, అది స్ప్రాకెట్ కవరులో చేరి కారితే ఇంజిన్ లీకనుకుని వచ్చేవాళ్లను వారం వారం చూస్తుంటాను.

ఇంజిన్ ఆయిలే అయితే అక్కడ వెతకాల్సిన చోట్లు మూడు: స్ప్రాకెట్ ఎక్కిన షాఫ్ట్ సీలు, గేరు రాడ్డు సీలు, న్యూట్రల్ స్విచ్ ఓ రింగు. మూడూ బయటినుంచే మారతాయి. చిప్పలు విప్పాల్సిన పని లేదు. స్ప్రాకెట్ కవరు తీసి శుభ్రంగా తుడిచి, ఇంజిన్ నడుపుతూ ఏది చెమరుస్తోందో చూడు.

సీలు మార్చేటప్పుడు చూసుకోవలసింది ఆ సన్నని రబ్బరు పెదవినే. బండిని కుడివైపు వాల్చి ఆనిస్తే ఆయిలు దించకుండానే పని అవుతుంది. పాత సీలు ముఖానికి చిన్న స్క్రూ ఎక్కించి, ఆ స్క్రూను పట్టకారుతో లాగితే సీలు వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో షాఫ్ట్ పక్కన పొడిచి తీస్తే షాఫ్ట్‌కు గీత పడుతుంది, గీత పడిన షాఫ్ట్ మీద ఏ సీలూ ఆగదు. కొత్త సీలు పెదవికి కొంచెం గ్రీజు రాయి. షాఫ్ట్ పళ్ల మీద పలుచని పాలిథిన్ కవరు చుట్టి, దాని మీదుగా సీలు తొడుగు. లేకపోతే ఆ పళ్లే పెదవిని కోసేస్తాయి. బిగించిన రోజే మళ్లీ లీకు మొదలవుతుంది, కంపెనీ సీలు నకిలీదని అందరూ దుకాణదారుని తిడతారు. సీలు బయటి అంచుకు సరిపోయే బాక్సు పానా గొట్టం పెట్టి, వంకర లేకుండా నెమ్మదిగా తట్టు.

పాత సీలు నడిచినచోట షాఫ్ట్ మీద వేలికి గాడి తగిలితే, కొత్త సీలును ఒక మిల్లీమీటరు తేడాతో కూర్చోబెడితే పెదవి నున్నని చోట పడుతుంది. ఒక్క పరీక్ష మాత్రం మరువకు. స్ప్రాకెట్‌ను చేత్తో పట్టి పైకీ కిందికీ ఊపి చూడు. స్పష్టంగా ఊగుతుంటే లోపల బేరింగ్ అరిగింది, కొత్త సీలు కొద్ది వారాలే. అప్పుడు మాత్రం చిప్పలు విప్పాలన్నవాడి మాట వినాలి. చైను మరీ బిగువుగా ఉంచితే ఆ బేరింగే ముందు పోతుంది.

ప్రశ్న: మా ట్రాక్టర్‌కు క్లచ్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రంలోంచి ఆయిలు చుక్కలు పడుతున్నాయి. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసేయమని ఒకాయన చెప్పాడు. దమ్ము పనులు దగ్గర పడ్డాయి. ఏం చేయాలి?
– రైతు, బోధన్

జవాబు: అన్నగారూ, ఆ పని మాత్రం చేయకండి. ఆ రంధ్రం కావాలని పెట్టిందే. కొన్ని ట్రాక్టర్లకు అందులో మట్టి పూడకుండా ఒక చీలిక పిన్ను కూడా వేలాడుతూ ఉంటుంది. రంధ్రం మూస్తే ఆయిలు లోపల నిండి క్లచ్ ప్లేటును తడుపుతుంది. దమ్ములో ఉన్నప్పుడు క్లచ్ జారితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

పడే ఆయిలును తెల్లగుడ్డ మీద పట్టండి. నల్లగా, పలుచగా ఉంటే అది ఇంజిన్‌ది: క్రాంకు వెనక సీలు. తేనెరంగులో చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేర్‌బాక్స్‌ది: ముందు షాఫ్ట్ సీలు. ఏదైనా సరే, ట్రాక్టర్‌ను ఇంజిన్ దగ్గర రెండు ముక్కలుగా విడదీయాల్సిందే. ఇందులో తప్పించుకునే దారి లేదు. కానీ విడదీయడం వేరు, ఇంజిన్ విప్పి సిలిండర్లు బోరు చేయించడం వేరు. మొదటిదానికి ఒప్పుకుని రెండోదానికి డబ్బు కట్టకండి.

నల్ల ఆయిలే అయితే, విడదీసే ముందు బ్రీదర్ చూడండి. ఇంజిన్ లోపలి ఆవిరి, పొగ బయటికి పోయే దారి అది. దమ్ము బురద ఆ పైపు మూతిలో ఎండిపోయి పూడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సీలు మెత్తగా ఉంటే అక్కడినుంచి ఆయిలును తోస్తుంది. పైపు ఊడదీసి, పుల్లతో బురద తీసి, డీజిల్‌తో కడిగి బిగించి రెండు రోజులు దున్ని చూడండి. చుక్కలు తగ్గిపోతే అదే మీ రిపేరు.

తగ్గకపోతే ఇంకొక పరీక్ష. ఇంజిన్ వేడెక్కాక, తక్కువ స్పీడులో నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి, తలకిందులుగా అదే రంధ్రం మీద ఊరికే పెట్టండి. కొంచెం వణికితే పరవాలేదు. ఎగిరి పడిపోతుంటే, మూతిలోంచి పొగ బుసబుసమని వస్తుంటే, పిస్టన్ రింగులు అరిగి దహనపు గాలి కిందికి దిగుతోంది. అలాంటి ఇంజిన్‌కు కొత్త సీలు వేసినా నిలవదు, బోరు పని గురించి ఆలోచించక తప్పదు. మూత కదలకుండా కూర్చుంటే నిశ్చింతగా సీలు ఒక్కటే మార్పించుకోండి. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఎలా ఉన్నాయో ఆ విడదీసిన పూటే చూసుకోండి. ఈ లోపు చుక్కలే అయితే దమ్ము కానివ్వవచ్చు. పొద్దున్నే ఆయిలు కొలిచే గేజి పుల్ల చూసి తగ్గినంత ఆయిలు పోయండి. క్లచ్ జారడం మొదలైతే మాత్రం ఆపేయండి.

ప్రశ్న: ఆయిలు లీకును ఆపే మందు సీసా ఒకటి ఇంజిన్‌లో పోస్తే చాలని స్పేర్ పార్టుల దుకాణంలో చెప్పారు. పోయవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: దేనికి పోస్తున్నారో తెలిస్తే పోయవచ్చు. ఆ మందులు చాలావరకు గట్టిపడిన రబ్బరును మెత్తబరిచి కొంచెం ఉబ్బేలా చేస్తాయి. క్రాంకు సీలు వయసు మీద పడి చెమరుస్తుంటే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక తగ్గవచ్చు. చిరిగిన సీలుకు, వదులైన బోల్టుకు, పగిలిన ఛాంబర్‌కు, కాగితం ప్యాకింగుకు అది ఏమీ చేయదు. అమ్ముకునే ఆలోచనలో ఉన్న పాత బండికి పోస్తానంటే నేను అడ్డు చెప్పను, కొనేవారికి చెప్పి అమ్మండి. మోటారు సైకిలుకు మాత్రం వద్దు. చాలావాటిలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిలులో మునిగి ఉంటాయి, మందు వాటికీ అంటుతుంది. రేడియేటర్ లీకు మందు వేరు, ఇది వేరు. సీసా మీద చదివి కొనండి.

ఇంతకన్నా చిక్కని ఆయిలు పోస్తే సరిపోతుందని కూడా కొందరు చెబుతారు. చుక్క నెమ్మదిస్తుంది, నిజమే. కంపెనీ పలుచని ఆయిలు చెప్పిన కొత్త ఇంజిన్లలో, టర్బో ఉన్నవాటిలో ఆ ప్రయోగం చేయకండి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు చిక్కని ఆయిలు పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది.

ప్రశ్న: సర్వీసింగ్ చేయించిన మర్నాటి నుంచే కారు కింద ఆయిలు. అంతకుముందు చుక్క లేదు. కొత్తగా ఏం పాడై ఉంటుంది?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, పాడయిందేమీ ఉండదు, బిగింపులో పొరపాటు. రెండే చోట్లు చూడమనండి. ఒకటి, ఆయిలు దింపే డ్రెయిన్ బోల్టు కింది వాషరు. అది మెత్తని లోహం, ఒకసారి నలిగితే రెండోసారి సరిగా కూర్చోదు. కొత్తది వేయమనండి. రెండు, ఆయిలు ఫిల్టర్. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి, దాని మీద కొత్త ఫిల్టర్ రింగు పడితే రెండూ కలిసి ఆపలేవు. ఇది చుక్కలతో ఆగదు, ఒక్కసారిగా పొర్లవచ్చు. అందుకని ఇవాళే చూపించండి, హైవే ఎక్కకండి. ఫిల్టర్ రింగుకు ఆయిలు పూసి, తగిలిన తరువాత చేత్తో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. డ్రెయిన్ బోల్టు మరలే చెడిపోయాయని అంటే, ఛాంబర్ మార్చే ముందు లోపల కొత్త మరల చుట్ట వేసే లేత్ షాపు ఉందేమో అడగండి. కాకినాడలో దొరక్కపోదు.

ప్రశ్న: పాత బుల్లెట్ కొన్నాను. నెల రోజులు నిలిపి స్టార్ట్ చేస్తే కిందంతా ఆయిలు మడుగు. ఇంజిన్ పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పోలేదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో ఆయిలు తొట్టి, క్రాంకు గది ఒకే చిప్పలో పక్కపక్కనే ఉంటాయి. రోజుల తరబడి కదలకుండా ఉంటే తొట్టిలోని ఆయిలు పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు గదిలోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే ఆ ఎక్కువ ఆయిలును ఇంజిన్ బ్రీదర్ పైపులోంచి కక్కుతుంది. మీరు చూసింది అదే. స్టార్ట్ చేయకముందే గేజి చూసి, తక్కువగా ఉందని ఇంకో అర లీటరు పోసి ఉంటే మడుగు ఇంకా పెద్దదవుతుంది. కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, అప్పుడు గేజి చూడండి. ఎక్కువ రోజులు నిలిపిన తరువాత క్రాంకు గది డ్రెయిన్ బోల్టు విప్పి, దిగిన ఆయిలును తీసి, శుభ్రంగా ఉంటే తిరిగి తొట్టిలో పోసి స్టార్ట్ చేయండి. వారానికి ఒకసారైనా నడిపితే ఈ బాధ ఉండదు. వారం నడిపినా ఒక్క రాత్రిలోనే దిగిపోతుంటే ఆయిలు పంపు అరిగింది. అదీ టైమింగ్ కవరు వైపు నుంచే మారుతుంది.

ప్రశ్న: చుక్క చుక్క లీకుతో ఎంతకాలం నడపవచ్చు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రాత్రికి కారు కింద ఒక అట్ట ముక్క పరిచి, ముందు చక్రం ఎటుందో దాని మీద గుర్తు పెట్టండి. పొద్దున రెండు మూడు చుక్కలే ఉంటే వారానికోసారి గేజి చూసుకుంటూ వీలున్నప్పుడు బాగుచేయించండి. సైలెన్సర్ గొట్టం మీద ఆయిలు పడి కాలిన వాసన వస్తుంటే ఆగకండి, అది నిప్పుతో వ్యవహారం. టర్బోకు వెళ్లే ఆయిలు పైపు దగ్గర తడి కనబడినా అంతే. డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిలు దీపం వెలిగితే ఇల్లు దగ్గరే కదా అనుకోకుండా అక్కడే ఇంజిన్ ఆపేసి, తాడు కట్టి లాగించుకోండి. ఆ అట్ట ముక్కను పారేయకుండా షెడ్డుకు తెచ్చి చూపిస్తే మాకు సగం వెతుకులాట తప్పుతుంది.